ముందు వేళ్ళు చూడండి

కోడలికి వార్డు ఇన్‌ఛార్జిగా పదోన్నతి వచ్చిన రోజు, ఆస్పత్రిలో తోటి నర్సులందరూ కలిసి ఆమెకొక ఆర్కిడ్ మొక్క ఇచ్చారు. తెల్లటి పూలు, ప్రతి పువ్వు నడుమా వంగపండు రంగు మరక. నీలం పింగాణీ కుండీ, దాని మెడకు రిబ్బను. అందరి తరఫునా దాన్ని చేతిలో పెట్టింది పెద్ద సిస్టర్. ఆ వార్డులో అందరికంటే సీనియర్ ఆవిడ. ఆ కుర్చీ తనదేనని ఆవిడ ఒక్కతే కాదు, స్ట్రెచర్ తోసేవాళ్ళ దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరూ అనుకున్నారు. తీరా చూస్తే, ఆవిడ దగ్గర సూది పట్టుకోవడం నేర్చుకున్న ఈ అమ్మాయికి వచ్చింది.

"వార్డు సంగతి తర్వాత తల్లీ," అంది పెద్ద సిస్టర్ నవ్వుతూ. "ముందు దీన్ని బతికించు, చూద్దాం."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కోడలూ నవ్వింది. ఇల్లు చేరేదాకా ఆ మాట మాత్రం పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

ఇంట్లో ఉండేది నలుగురు. కోడలు, టైల్స్ షాపులో మేనేజరుగా చేసే ఆమె భర్త, అత్తయ్య, మామయ్య. మామయ్య జీవితమంతా లిఫ్టు మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది కానీ ఆయన దాన్ని వదల్లేదు. ఇంట్లో ఏది మొరాయించినా విప్పందే ఆయనకు ముద్ద దిగదు. మిక్సీ విప్పాడు, గోడ గడియారం విప్పాడు, కాలింగ్ బెల్లు విప్పాడు. ఆ బెల్లు ఇప్పుడు ఎవరూ రాకపోయినా మోగుతుంది, ఎవరైనా వస్తే మోగదు.

"మీ మామయ్య చెయ్యి పడిన వస్తువుని మళ్ళీ బాగుచేయించాల్సిన పనే ఉండదమ్మా," అని కోడలికి పెళ్ళయిన కొత్తలోనే చెప్పేసింది అత్తయ్య. "నేరుగా పారెయ్యడమే."

ఆర్కిడ్‌ని భోజనాల బల్ల పక్కన కిటికీలో పెట్టారు. ఇంట్లో అందరికీ అది ముద్దే. కోడలు డ్యూటీకి వెళ్తూ దానికి ఒక గ్లాసు నీళ్ళు పోసేది. ఆమె భర్త షాపుకు బయల్దేరేటప్పుడు తాగగా మిగిలిన నీళ్ళు అందులో వంపేవాడు. వాళ్ళిద్దరూ వెళ్ళాక అత్తయ్య, "పాపం, పట్టించుకునే దిక్కు లేదు" అనుకుంటూ ఇంకో చెంబు పోసేది. ఒకరు పోస్తున్న సంగతి ఒకరికి తెలియదు. కొన్నాళ్ళకు పూలు రాలాయి. రాలడం పూల లక్షణమే కదా అనుకున్నారు. తర్వాత ఆకులు మెత్తబడి, ముడతలు పడి, వేలాడాయి. నీళ్ళు చాలడం లేదనుకుని ముగ్గురూ మోతాదు పెంచారు.

వార్డులో పెద్ద సిస్టర్ వారానికోసారి అడిగేది, "మొక్క ఎలా ఉంది?" అని.

"బాగుంది సిస్టర్," అనేది కోడలు. ఆ అబద్ధం రోజురోజుకీ బరువెక్కింది.

ఒక సెలవు రోజు కోడలు కిటికీ తుడుస్తూ కుండీ జరిపింది. గుప్పున మురుగు వాసన కొట్టింది. ఆకు పట్టుకుంటే తడిసిన అట్టముక్కలా చేతిలోకి వాలిపోయింది. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇంతకేనా?" అన్నాడు భర్త. "అచ్చం ఇలాంటిదే మా షాపు పక్క పూలకొట్లో ఉంది. సాయంత్రం తెచ్చేస్తాను. ఇదే కుండీలో పెట్టి ఫొటో తీసి ఆవిడకు పంపు. మొక్కల మొహాలు ఎవరు గుర్తుపడతారు?"

కోడలు వద్దనలేదు. ఆ క్షణాన ఆమెకూ అదే మంచిదనిపించింది. చెత్తబుట్ట వైపు నాలుగడుగులు వేసింది కూడా. అప్పుడు పేపరు చదువుతున్న మామయ్య కళ్ళజోడు పైకి నెట్టాడు.

"ఆగమ్మాయ్. అది పోయిందని ఎవరు చెప్పారు?"

"చూస్తే తెలియట్లేదా మామయ్యా?"

"లిఫ్టు ఆగిపోయిందని బిల్డింగు కూల్చేస్తారా? విప్పి చూడకుండా పారేస్తారా ఎవరైనా? ఇటు తే."

"అయిపోయింది. మొక్కని కూడా విప్పుతాడట," అంది అత్తయ్య వంటింట్లోంచి.

మామయ్య ఆ మాట విననట్టే, చదువుతున్న పేపరునే భోజనాల బల్ల మీద పరిచాడు. కుండీ పైకెత్తి అడుగు చూశాడు. చిల్లు లేదు. వంచితే నల్లటి నీళ్ళు బుడబుడా కారాయి. లోపల ఇంకో ప్లాస్టిక్ కుండీ, దాని నిండా నానిపోయిన బెరడు ముక్కలు, నడుమ స్పాంజిలా నీళ్ళు పట్టుకుని కూర్చున్న నాచు ముద్ద. మొక్కని లాగితే వేళ్ళలో సగం కుండీలోనే ఉండిపోయాయి. మిగిలినవాటిలో ఒకదాన్ని మామయ్య రెండు వేళ్ళతో నొక్కాడు. పైతోలు జారిపోయి లోపల సన్నటి దారం మిగిలింది.

"దీనికి రోజూ నీళ్ళు ఎవరు పోస్తున్నారు?" అనడిగాడు.

"నేను," అంది కోడలు. "నేను," అన్నాడు కొడుకు. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి, "నేనూ..." అంది అత్తయ్య.

"పదిమందిలో పాము చావదంటారు. ముగ్గురిలో మొక్క మాత్రం చచ్చేలా ఉంది," అన్నాడు మామయ్య.

"నీళ్ళు ఎక్కువైతే ఆకులు వాడిపోవడమేంటి నాన్నా?"

"ఒరేయ్, కింద ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. పైన జనం దాహంతో నాలుక పిడచగట్టుకుని కూర్చున్నారు. మధ్యలో లిఫ్టు తెగిపోయింది. నువ్వేమో ట్యాంకులో ఇంకా నీళ్ళు పోస్తున్నావు." కుళ్ళిన వేరుని పైకెత్తి చూపించాడు. "ఇదే లిఫ్టు. ఇది బాగుపడితే పైవాళ్ళు వాళ్ళే బతుకుతారు."

కోడలు ఆ మాట విని మొదటిసారి మొక్కని పరీక్షగా చూసింది. పై ఆకుల నడుమ మొదలు ఇంకా గట్టిగా ఉంది. అక్కడ వేలు పెట్టి నొక్కింది. రోగి చెయ్యి పట్టుకున్నప్పటి చూపు ఆమె కళ్ళలోకి వచ్చింది. వెళ్ళి కత్తెర వేడినీళ్ళలో మరిగించి, స్పిరిట్‌తో తుడిచి తెచ్చింది.

కత్తెర మామయ్య అందుకున్నాడు. కోశాడు కానీ, అలవాటు ఎక్కడికి పోతుంది? ఏ సామాను విప్పినా పాత మరమేకును పారెయ్యకుండా డబ్బాలో దాచుకునే మనిషి ఆయన. కొస కుళ్ళితే కొస మాత్రమే కత్తిరించి, సగం గోధుమరంగుకు తిరిగిన వేరుని "ఇది ఇంకా పనికొస్తుందిలే" అని ఉంచేశాడు. ఆ పాత బెరడునే కడిగి మళ్ళీ నింపాడు. ప్లాస్టిక్ కుండీని పింగాణీ దాంట్లో పెట్టకుండా కిటికీలో ఉంచి, చేతులు దులుపుకున్నాడు.

వారం తిరగకముందే మళ్ళీ వాసన వచ్చింది. అడుగు ఆకు పసుపుపచ్చగా మారి ఊడిపడింది. విప్పి చూస్తే, దాచిపెట్టిన వేళ్ళన్నీ నల్లబడి ఉన్నాయి. కుళ్ళు మొదలు దాకా పాకబోతోంది.

మామయ్య కత్తెర బల్ల మీద పెట్టేశాడు. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. గడియారం ఆగిపోయినప్పుడూ, మిక్సీ పొగలు కక్కినప్పుడూ ఆయన ఏదో ఒకటి వాదించేవాడు. ఇప్పుడు వాదించలేదు. అత్తయ్య కూడా దెప్పలేదు. మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది.

"ఇలా ఇవ్వండి మామయ్యా," అంది కోడలు.

"ఇంకేం మిగిలిందమ్మా అందులో?"

"కుళ్ళిన పుండుని మొహమాటపడి సగం కోస్తే మిగతా సగం మనిషిని తినేస్తుంది. మంచి కండ కనిపించేదాకా కొయ్యాల్సిందే. వార్డులో రోజూ చూస్తూనే ఉంటాను. ఇంట్లోకొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైందో నాకు!"

ఆమె కత్తెర పట్టుకుంది. మెత్తగా తగిలిన ప్రతి వేరునీ, తెల్లటి గట్టి భాగం బయటపడేదాకా కత్తిరించింది. ప్రతి కోతకూ కత్తెర తుడిచింది. బాగున్నట్టు కనబడి నొక్కితే జారిపోయిన దాన్ని కూడా వదల్లేదు. పక్కన నిలబడ్డ భర్త, "చాల్లే, చాల్లే" అంటూనే ఉన్నాడు. ఆమె చెయ్యి ఆగలేదు. చివరికి పొట్టివి మూడు మిగిలాయి. కోసిన చోటల్లా వంటింట్లోంచి దాల్చినచెక్క పొడి తెచ్చి అద్దింది.

"చేతికున్నన్ని వేళ్ళు కూడా లేవు కదే దీనికి," అంది అత్తయ్య తొంగిచూసి.

"మూడున్నా పట్టుకోగలిగితే చాలత్తయ్యా."

ఆ మాటతో మామయ్య కుర్చీలోంచి లేచాడు. వేళ్ళు లేని మొక్క నీళ్ళు తాగలేదు, మరి గాలిలోంచైనా తడి అందాలి కదా అని కోడలు అంటే, ఆయనకు వెంటనే పని దొరికింది. బిస్కెట్లు పోసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఖాళీచేసి, కడిగి, మూతకు చిల్లులు పొడిచాడు. అడుగున తడిపి పిండిన కొత్త నాచు పరిచి, నీళ్ళు మొక్కకు తగలకుండా పైన తీగతో జల్లెడలాంటి ఊయల అల్లాడు. మొక్కని అందులో కూర్చోబెట్టి, ఎండ నేరుగా పడకుండా పల్చటి తెర వెనక ఉంచారు.

"ఐసీయూ," అన్నాడు కొడుకు.

"అయితే విజిటింగ్ అవర్స్ ఉంటాయి," అన్నాడు మామయ్య. "పొద్దున నేను మూత తీసి గాలి చూపించేటప్పుడే చూడాలి. చెంబులతో వచ్చేవాళ్ళకి ప్రవేశం లేదు."

మర్నాడు వార్డులో పెద్ద సిస్టర్ అలవాటుగా అడిగింది. కోడలు మందుల ట్రే కింద పెట్టి, ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పింది: "బాగాలేదు సిస్టర్. ఇన్నాళ్ళూ బాగుందని చెప్పాను, లేదు. మేమే నీళ్ళు పోసి కుళ్ళబెట్టాం. వేళ్ళు చాలావరకు కోసేశాను. బతుకుతుందో లేదో తెలియదు."

పెద్ద సిస్టర్ "ఊఁ," అని తల ఊపి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

నెలలు గడిచాయి. మొక్క చావలేదు, బతికినట్టూ లేదు. మామయ్య రోజూ మూత తీసి, కాసేపు చూసి, మూత పెట్టేవాడు. ఎవరడిగినా "నిలకడగా ఉంది" అనేవాడు. ఆ మాట కోడలి దగ్గరే నేర్చుకున్నాడు. కొడుకు మాత్రం పూలకొట్టు ముందు నుంచి వచ్చినప్పుడల్లా, "ఇప్పటికైనా..." అని మొదలెట్టి, తండ్రి మొహం చూసి ఆపేసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం మామయ్య కునుకు తీస్తుండగా, అత్తయ్య గట్టిగా పిలిచింది.

"ఏమండోయ్! దీనికేదో ముల్లు గుచ్చుకుంది, చూడండి."

మామయ్య కళ్ళజోడు వెతుక్కుంటూ వచ్చాడు. మొదలు పక్కనుంచి, చిదిమితే పోయేంత చిన్న ఆకుపచ్చ మొన బయటికి తోసుకొచ్చింది. చివర తడిగా మెరుస్తోంది. ఆయన మూత తీసి, దగ్గరగా వంగి చూశాడు.

"వేరు," అన్నాడు చివరికి. "కొత్త వేరు. నా లిఫ్టు కదిలింది." తర్వాత భార్య వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ కాపలా కాసింది నేను. కనబడింది మాత్రం నీకా?" అన్నాడు.

"నిద్రపోయే వాచ్‌మన్‌కి దొంగ కనిపిస్తాడా ఏంటి?"

అలా అంది కానీ, ఆ సాయంత్రం కోడలు ఇంట్లో అడుగుపెట్టకముందే వీధి గుమ్మంలోనే వార్త చెప్పేసింది అత్తయ్యే. కోడలు చెప్పులైనా విడవకుండా వెళ్ళి డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. వేళ్ళు జల్లెడలోంచి కిందికి దిగాక, మొక్కని కొత్త బెరడుతో, అద్దంలాంటి ప్లాస్టిక్ కుండీలోకి మార్చారు. ఆ కుండీకి మామయ్య సోల్డరింగ్ కడ్డీతో చుట్టూ చిల్లులు వేశాడు. నీళ్ళ విషయంలో ఇంట్లో చట్టం వచ్చింది. పోసే మనిషి ఒక్కరే ఉండాలి. అత్తయ్యని నియమించారు. ఆవిడ కుండీని చేత్తో లేపి చూసేది. బరువుగా ఉంటే పెట్టేసేది, తేలిగ్గా ఉంటేనే తడిపేది. చెంబు పట్టుకుని కొడుకు అటువైపు వస్తే చాలు, "ఆఁ, ఆఁ" అని అదిలించేది. కొత్త ఆకు వచ్చింది. పాత ఆకులు ముడతలు విప్పుకుని బిగిశాయి.

చలి మొదలయ్యాక ఆకు సందులోంచి ఇంకొకటి మొలిచింది. మామయ్య వేరన్నాడు. కోడలు, కొస గుండ్రంగా లేదు, మడిచిన పిడికిలిలా ఉంది, ఇది పూలకాడేనంది. రోజూ భోజనం దగ్గర ఇదే గొడవ. అది పైకి పెరిగి, మొగ్గలు కనబడ్డాక మామయ్య ఒప్పుకున్నాడు, కానీ తన పద్ధతిలో: "నేను కూడా మొదట్నుంచీ అదే అంటున్నాను కదా."

మొదటి పువ్వు విచ్చుకున్న వారంలోనే కోడలు వార్డువాళ్ళని టీకి పిలిచింది. అందరితోపాటు పెద్ద సిస్టర్ కూడా వచ్చింది. బెల్లు నొక్కారు, మోగలేదు. తలుపు తట్టారు.

లోపలికొస్తూనే అందరూ కిటికీ దగ్గరకు చేరారు. వంపు తిరిగిన కాడ మీద తెల్లటి పూలు వరసగా విచ్చుకుని ఉన్నాయి. "అబ్బ, ఎంత బాగుందో!" అన్నారు. పెద్ద సిస్టర్ కాసేపు చూసి, మెల్లగా అంది, "బాగుంది. కొత్తది కొన్నావా?"

గది చల్లబడింది. కోడలు నోరు తెరిచేలోగా మామయ్య టీ కప్పు కింద పెట్టాడు.

"అమ్మా, మీరు పువ్వులు చూస్తున్నారు. పువ్వులు కొట్లో ఎవరైనా కొనుక్కుంటారు. ముందు వేళ్ళు చూడండి."

కుండీని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. ప్లాస్టిక్ గోడకు ఆనుకుని లావుపాటి వేళ్ళు, వెండి రంగువి, నీళ్ళు తాకిన చోట పచ్చబడ్డవి, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. పైన మొదలు దగ్గర, వాటి మధ్యలో, గోధుమరంగు మొండి కొసలు. కత్తెర పడిన చోట్లు. ఎండి, మానిపోయి, అక్కడే ఉన్నాయి.

పెద్ద సిస్టర్ చేతిసంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. వంగింది. కుట్లు చూసేటప్పుడు వంగినట్టే వంగి, కుండీని మామయ్య చేతుల్లోనే నెమ్మదిగా తిప్పించి, ఒక్కో కోతనూ చూసింది. 

"ఎవరు కోశారివి?"

"నేనే సిస్టర్," అంది కోడలు.

"చాలా లోపలికి వెళ్ళావు."

"మంచిది తగిలేదాకా వెళ్ళాను. ఆపితే మొదలుకే వచ్చేది."

పెద్ద సిస్టర్ నిటారుగా లేచి కళ్ళజోడు తీసింది. "శుభ్రంగా కోశావు," అంది. వార్డులో ఆవిడ నోట ఆ మాట విన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత పక్కనున్న చిన్న నర్సుల వైపు తిరిగింది. "చూశారా? మన ఇన్‌ఛార్జి చేతిపని."

'మన ఇన్‌ఛార్జి' అని ఆవిడ అనడం అదే మొదలు. కోడలు "టీ చల్లారిపోతోంది" అంటూ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి దగ్గర ఊరికే నిలబడింది. అత్తయ్య ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నీ చెయ్యే చెయ్యి," అంది. "సగం నీది. సగం ఆయనది. నీళ్ళు నావి. మా వాడు మాత్రం ఫొటో తీసి పంపమన్నాడు, అంతే."

టీ అయ్యాక, అందరూ లేస్తుంటే పెద్ద సిస్టర్ ఆగింది. మామయ్య దగ్గరకొచ్చి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, కానీ అందరికీ వినపడేలా అంది:

"మా ఇంట్లోనూ ఒకటుందండీ. అంతకుముందు రెండు పోయాయి. దానికీ ఆకులు వేలాడుతున్నాయి. ఈ అమ్మాయికి మొక్క ఇచ్చిన రోజు ఏదో అన్నాను కానీ, నిజానికి అది నా చేతకానితనమే."

"రోజూ నీళ్ళు పోస్తున్నారా?"

"ప్రేమగా పోస్తున్నాను."

"అదే జబ్బు," అన్నాడు మామయ్య.

మర్నాడు పొద్దున్నే ఆయన తయారయ్యాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. సంచిలో కత్తెర, స్పిరిట్ సీసా, దాల్చినచెక్క పొడి, గుప్పెడు నాచు. గుమ్మం దగ్గర ఒక్కసారి ఆగి కోడల్ని అడిగాడు.

"అమ్మాయ్, మెత్తగా తగిలితే మొహమాటపడకూడదు. అంతేగా?"

"అంతే మామయ్యా. పాపమనిపించినా సరే."

"సాయంత్రం నీ డ్యూటీ అయ్యాక అటే వచ్చి ఒకసారి చూడు. ఆఖరి కోత నీది."

ఆయన వెళ్ళాక కోడలు బాల్కనీలోకి వచ్చి నిలబడింది. కింద వీధిలో మామయ్య సంచి చంకన పెట్టుకుని, తల ఎత్తి, పిలుపొచ్చిన డాక్టరు నడిచినట్టు నడుస్తున్నాడు. ఎదురొచ్చిన కూరలబండి మనిషి, ఎక్కడికని అడిగాడు కాబోలు. ఆయన ఆగాడు. చేతులు గాలిలో తిప్పుతూ కింద ట్యాంకు, పైన జనం, నడుమ తెగిన లిఫ్టు అంతా మొదట్నుంచీ వివరించడం మొదలుపెట్టాడు.

"చూడు, చూడు," అంది అత్తయ్య పక్కకొచ్చి. "ఆ పేషంటు బతికున్నట్టే, ఈయన వెళ్ళేసరికి!"

అలా అంటూనే ఆవిడ, ఆయన వీధి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడి చూసింది. కోడలూ చూసింది.